నవంబరు ముసురులో సియాటిల్: పెద్దవాళ్ళతో, చిన్నపాపతో నాలుగు రోజులు ఏం చూడొచ్చు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: థాంక్స్‌గివింగ్ సెలవులకి డల్లాస్ నుంచి సియాటిల్ వస్తున్నారు, నాలుగు రోజులు. వెంట ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఆరేళ్ళ పాప ఉంటారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. "ఆ నెలలో అక్కడ ఒకటే వాన, హోటల్ గదిలో కూర్చోవడమే" అని ఎవరో భయపెట్టారు. టికెట్లు కాన్సిల్ చేసుకోవాలా, వస్తే ఏమేం చూడాలి, సిటీపాస్ (కొన్ని చోట్లకి కలిపి అమ్మే ఒకే టికెట్) కొనాలా అని అడిగారు.

కాన్సిల్ చేసుకోకండి, రండి. సిటీపాస్ మాత్రం మీకు అక్కర్లేదు, కారణం కింద రాస్తాను. అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఏ రోజు ఏ చోటుకి అని ముందే రాసిపెట్టుకోవద్దు. తెరిపి ఇస్తే చూసేవి కొన్ని, ముసురు పడితే చూసేవి కొన్ని, అలా రెండు జాబితాలు ఫోన్‌లో పెట్టుకుని, పొద్దున్న కిటికీ తెర తీశాక ఏదో ఒకటి ఎంచుకోండి. ఈ ఊళ్ళో డబ్బు, టైము వృథా అయ్యేది ఎక్కువగా మబ్బు రోజున ఎత్తు మీదికి టికెట్ కొన్నప్పుడే. నాలుగు రోజుల్లో ఒక్కటే చూడగలిగితే స్పేస్ నీడిల్ అనే ఎత్తైన టవర్ వదిలేసి ఫెర్రీ ఎక్కమంటాను.

నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఏటా చుట్టాలో, స్నేహితుల తల్లిదండ్రులో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వాళ్ళని తిప్పిన అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు వాన సంగతి. సియాటిల్‌లో ఏడాదికి పడేది దాదాపు 39 అంగుళాలు. మీ డల్లాస్‌లోనూ ఇంచుమించు అంతే, న్యూయార్క్‌లో ఇంకా ఎక్కువ. తేడా అల్లా పడే తీరులో ఉంది. మీ దగ్గర ఉరుములు మెరుపులతో గంటలో కుమ్మరించి పోతుంది. ఇక్కడ అదే నీళ్ళు ఏడాదిలో నూట యాభై రోజుల మీద చిన్న చిన్న తుంపరలుగా పడతాయి. పసిఫిక్ నుంచి వచ్చే తేమగాలులు ముందు పడమటి వైపున్న ఒలింపిక్ కొండలకి తగిలి అక్కడే చాలావరకు కురిసేస్తాయి. ఆ కొండల అవతలి హో రెయిన్ ఫారెస్టులో ఏడాదికి 140 అంగుళాల దాకా పడుతుంది. అక్కడ కురవగా మిగిలింది మనకి వస్తుంది. నవంబరు ఇక్కడ బాగా తడిసే నెలల్లో ఒకటి, అది నిజమే, దాచను. కానీ రోజంతా కుండపోత అన్నది అరుదు. గంట తుంపర, అరగంట తెరిపి, మళ్ళీ తుంపర, ఇలా నడుస్తుంది.

అసలు ఇబ్బంది వాన కంటే చీకటి. ఆ వారంలో సాయంత్రం నాలుగు ఇరవైకల్లా సూర్యుడు దిగిపోతాడు. పదకొండింటికి హోటల్ నుంచి బయల్దేరితే మధ్యాహ్నం భోజనం అయ్యేసరికే వెలుతురు పోతుంది. పెద్దవాళ్ళు ఎలాగూ తెల్లవారకుండానే లేస్తారు కాబట్టి ఎనిమిదిన్నరకల్లా రోడ్డెక్కండి.

గొడుగులు తేకండి. సముద్రం పక్కన గాలికి అవి తిరగబడతాయి. టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్ తలా ఒకటి, నీళ్ళు పీల్చని బూట్లు, అంతే. అమ్మగారు చీరే కడతానంటే కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకుని, కింద సాక్సు, బూట్లు వేసుకోమనండి. శాలువా తడిస్తే బరువే తప్ప వెచ్చదనం ఉండదు.

ఇక ఫెర్రీ. డౌన్‌టౌన్‌లో కోల్మన్ డాక్ అనే రేవు నుంచి బెయిన్‌బ్రిడ్జ్ దీవికి రాష్ట్ర ప్రభుత్వం నడిపే పెద్ద ఓడలు వెళ్తాయి. ప్రయాణం 35 నిమిషాలు. కారు తీసుకెళ్ళకుండా నడిచి ఎక్కండి. మనిషికి పది, పదకొండు డాలర్లు అవుతుంది. 65 దాటినవాళ్ళకి సగమే, పాపకి ఉచితం. నడిచి ఎక్కేవాళ్ళకి తిరుగు ప్రయాణంలో టికెట్టే లేదు. టెర్మినల్లో లిఫ్టు ఉంది కాబట్టి నాన్నగారికీ ఇబ్బంది ఉండదు.

చూడ్డానికి ఇది ఊరివాళ్ళు ఆఫీసులకి వెళ్ళొచ్చే బండే, టూరిస్టు పడవ కాదు. అందుకే నాకు ఇష్టం. లోపల వెచ్చగా ఉంటుంది, పొడుగాటి అద్దాల పక్కన బల్లలు, సీట్లు. ఆ బల్లల మీద సగం పేర్చిన జిగ్‌సా పజిల్స్ ఉంటాయి. ఒకరు నాలుగు ముక్కలు పెట్టి దిగిపోతే తర్వాత ఎక్కినవాళ్ళు ఇంకో నాలుగు పెడతారు. మా తోడల్లుడి కూతురు కిటికీలోంచి ఏమీ చూడకుండా వెళ్ళేదారి మొత్తం ఆకాశం ముక్కలే వెతుకుతూ కూర్చుంది. మీ పాపకీ అదే పట్టుకోవచ్చు.

టైమింగ్ ఇలా పెట్టుకోండి: మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ఎక్కండి. అవతల దిగాక విన్‌స్లో అనే చిన్న బజారు అయిదు పది నిమిషాల నడక, కాఫీ తాగండి. అయిదు లోపు తిరిగి ఎక్కి, ఈసారి ముందు వైపు అద్దాల దగ్గర చోటు చూసుకోండి. అప్పటికి చీకటి పడి, మేడలన్నీ లైట్లతో ఎదురుగా పెద్దవవుతూ వస్తాయి. ముసురు ఉన్నా ఫరవాలేదు, తడి గాలిలో ఆ లైట్లు ఇంకా బాగుంటాయి. తెరిపి ఇస్తే వెళ్ళేటప్పుడు పడమర ఒలింపిక్ కొండలు, దక్షిణాన రెయినియర్ పర్వతం కూడా కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: ఓడల కొరతో, సిబ్బంది కొరతో వచ్చి అప్పుడప్పుడు ట్రిప్పులు రద్దవుతుంటాయి. బయల్దేరే ముందు ఫెర్రీ వాళ్ళ వెబ్‌సైట్లో ఆ రోజు షెడ్యూలు చూసుకోండి.

స్పేస్ నీడిల్, సిటీపాస్. నీడిల్‌ని 1962 వరల్డ్ ఫెయిర్ కోసం కట్టారు. ఎత్తు 605 అడుగులు, మనం నిలబడి చూసే డెక్ 520 అడుగుల దగ్గర. 2018లో కింద తిరిగే గాజు నేల పెట్టారు, పిల్లలకి సరదా, కొంతమంది పెద్దలకి కళ్ళు తిరుగుతాయి. టికెట్ రోజునీ వేళనీ బట్టి మారుతుంది, మనిషికి 40 డాలర్లకి అటూ ఇటూ వేసుకోండి. మబ్బు కిందికి దిగిన రోజున పైకెళితే చుట్టూ తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. కాబట్టి ముందే కొనకండి. ఏ పూటైనా బాగా తెరిపి ఇస్తే అప్పటికప్పుడు ఫోన్‌లో కొనండి. ఆ వారాంతం రద్దీ ఉన్నా, కోరిన వేళకి కాకపోతే గంటా రెండు గంటలు అటో ఇటో దొరుకుతుంది.

సిటీపాస్‌లో నీడిల్, అక్వేరియం ఖాయంగా ఉంటాయి, మరో మూడు చోట్లు మీరు ఎంచుకోవాలి. మొత్తం అయిదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనతో నాలుగు రోజుల్లో డబ్బులిచ్చి చూసేవి మూడు దాటవు. పాస్ కొన్నాం కదా అని మిగతావి కూడా ఈడ్చుకుంటూ తిరగడం ఎందుకు? కుర్రాళ్ళు నలుగురు కలిసి వస్తే మాత్రం కొనమనే చెబుతాను.

అసలు నీడిల్‌ని ఎక్కడం కంటే చూడ్డం బాగుంటుందని నా అభిప్రాయం. క్వీన్ ఆన్ గుట్ట మీద కెర్రీ పార్క్ అని చిన్న చోటు ఉంది. పైసా ఖర్చు లేదు. నీడిల్, దాని వెనక డౌన్‌టౌన్ మేడలు, పక్కన సముద్రం, ఆకాశం బాగుంటే వెనకాల 14,410 అడుగుల రెయినియర్, అన్నీ ఒకే ఫొటోలోకి వస్తాయి. పావుగంట పని. మబ్బు విచ్చిందంటే చేస్తున్న పని వదిలేసి ముందు అక్కడికి వెళ్ళండి.

నీడిల్ పక్కనే ఉన్న, చిహూలీ అనే కళాకారుడి గాజు మ్యూజియం మాత్రం వానరోజుకే. 2012లో మొదలైంది. లోపల చీకటి గదుల్లో రంగురంగుల గాజు తీగలు, పువ్వులు, పడవ నిండా గాజు గోళాలు. చివర్లో అద్దాల మందిరం ఒకటి, దాని కప్పుకి ఎరుపు, నారింజ, పసుపు గాజు పువ్వులు గుత్తులుగా వేలాడదీశారు. ఎండరోజున కంటే బూడిదరంగు ఆకాశం కింద ఆ రంగులు బాగా తేలతాయి. పైకప్పు అద్దం మీద చినుకులు జారుతుంటే వాటి వెనక నీడిల్ కనిపిస్తుంది. మా అత్తగారు మ్యూజియం అంటేనే విసుక్కునే మనిషి, ఇక్కడ మాత్రం బయటికి రానంది. పాప చెయ్యి వదలకండి, అంతా గాజే.

వానరోజుకి రెండోది, నాన్నగారి కోసం: మ్యూజియం ఆఫ్ ఫ్లైట్. డౌన్‌టౌన్‌కి దక్షిణంగా బోయింగ్ ఫీల్డ్ అనే విమానాశ్రయం పక్కన ఉంటుంది. దీనికి సగం రోజు తీసిపెట్టండి. రోడ్డుకి అవతలి వైపు పెద్ద కప్పు కింద, వాన తగలకుండా, విమానాలే వరసగా నిలబెట్టారు. మొట్టమొదటి బోయింగ్ 747 అక్కడే ఉంది, 1969 ఫిబ్రవరిలో తొలిసారి ఎగిరిన విమానమే. అమెరికా అధ్యక్షుల కోసం వాడిన తొలితరం జెట్ విమానం ఉంది, లోపలికి వెళ్ళి నడవొచ్చు. ఐజెన్‌హోవర్, కెన్నెడీ ఎక్కిన బండి ఇంత ఇరుకా అనిపిస్తుంది. ధ్వని కంటే వేగంగా ఎగిరిన కాన్‌కార్డ్ విమానం ఉంది, అది మరీ ఇరుకు, కిటికీలు అరచెయ్యంత. ఇవతలి భవనంలో బోయింగ్ కంపెనీ మొదలైన నాటి చెక్క షెడ్డును అలాగే తెచ్చి పెట్టారు. రెక్కలకి అప్పట్లో గుడ్డ బిగించి కుట్టేవారని చూపిస్తారు. వీల్‌చైర్ అడిగి తీసుకోండి, మొహమాటపడకండి, లోపల నడక బాగానే ఉంటుంది. విమానాల మెట్లు మాత్రం నాన్నగారు తన ఓపికని బట్టి ఎక్కాలి.

చాలామంది ఎవరెట్‌లోని బోయింగ్ ఫ్యాక్టరీ టూర్ గురించి అడుగుతారు. దానికి పిల్లలు కనీసం నాలుగడుగుల ఎత్తు ఉండాలనే నిబంధన ఉంది. మీ పాపకి కష్టం, పైగా సెలవు వారం. వదిలేయండి.

పైక్ ప్లేస్ మార్కెట్ ఎలాగూ వెళ్తారు, అందరూ వెళ్తారు. 1907 నుంచి నడుస్తున్న మార్కెట్. చాలా భాగం కప్పు కిందే కాబట్టి వానకి భయం లేదు, భయమల్లా జనానికే. తొమ్మిదికల్లా వెళితే పూల దుకాణాల వాళ్ళు గుత్తులు కడుతుండగా చూడొచ్చు, పదకొండు దాటితే భుజాలు రాసుకుంటూ నడవాలి. చేపలు విసిరే దుకాణం ముందు ఫోన్లు ఎత్తి నిలబడతారు కానీ, ఎవరైనా కొంటేనే వాళ్ళు విసురుతారు. ఓపిక పట్టాలి. స్టార్‌బక్స్ "మొదటి షాపు" క్యూలో మాత్రం నిలబడకండి. 1971లో తెరిచిన అసలు షాపు వేరే వీధిలో ఉండేది, ఇప్పుడున్న చోటికి 1976లో మార్చారు. లోపల ఇచ్చేది మీ వీధి చివర దొరికే కాఫీయే. దానికి బదులు మార్కెట్ కింద అంతస్తులకి దిగండి. అక్కడ మ్యాజిక్ సామాన్ల కొట్టు, పాత పోస్టర్లు, బొమ్మలు, జనం తక్కువ. శాకాహారులైతే ఒక మాట: అందరూ ఊరించే చౌడర్ సూప్‌లో ఆల్చిప్పల మాంసం ఉంటుంది, చూడ్డానికి బంగాళాదుంప సూప్‌లా ఉందని తీసుకోకండి.

మార్కెట్ నుంచి సముద్రం ఒడ్డుకి ఇప్పుడు దిగడం సుఖం. ఈ ఒడ్డు గురించి పాత బ్లాగులు నమ్మకండి. ఊరికీ సముద్రానికీ మధ్య అడ్డంగా ఉన్న రెండంతస్తుల హైవే వంతెనని 2019లో మూసి, కూల్చేశారు. ఆ ట్రాఫిక్ ఇప్పుడు సొరంగంలో పోతుంది. 2024 అక్టోబరులో మార్కెట్‌ని ఒడ్డుతో కలిపే ఓవర్‌లుక్ వాక్ తెరిచారు, లిఫ్టు కూడా ఉంది. దాని కిందే అక్వేరియం కొత్త భవనం, అదీ 2024లోనే వచ్చింది. సొర చేపలు, చదునుగా ఉండే రే చేపలు తిరిగే పెద్ద తొట్టి అందులో ఉంది. పాపకి తప్పకుండా చూపించండి, రెండు గంటలు చాలు. జెయింట్ వీల్ పియర్ 57 మీద ఉంటుంది, 175 అడుగులు, అన్నివైపులా అద్దాలు మూసిన డబ్బాలు. పాప మారాం చేస్తే ఎక్కండి, లేకపోతే లేదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన చోటు. గోదావరి, కృష్ణా డెల్టా వాళ్ళయితే ధవళేశ్వరం లాంటి చోట్ల కాలవ లాకులు చూసే ఉంటారు. ఇక్కడి బాలార్డ్ లాకులు అదే పని, చాలా పెద్ద ఎత్తున. ఊరి లోపలి మంచినీటి సరస్సులు ఎత్తులో, సముద్రం పల్లంలో. రెంటి మధ్య 1917 నుంచి ఈ లాకులు పడవల్ని ఎక్కించి దించుతున్నాయి. పెద్ద లాకు 825 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు. పడవ లోపలికి వచ్చాక సిబ్బంది తాళ్ళు అందుకుని కట్టుకోమంటారు. తలుపులు మూసుకుంటాయి. నీళ్ళు నింపడానికి పంపులేమీ లేవు, కవాటం తెరిస్తే పైనున్న నీళ్ళు వాటంతటవే లోపలికి వస్తాయి. మీ కాళ్ళ దగ్గర గుంతలో ఉన్న పడవ చూస్తుండగానే లేచి మీ ఎత్తుకి వస్తుంది, అందులో కుక్కతో సహా కూర్చున్న మనిషి మీకు చెయ్యి ఊపుతాడు. సముద్రం పోటు, పాటుని బట్టి ఎంత ఎత్తు లేపాలన్నది రోజులోనే మారుతుంటుంది. టికెట్ లేదు. నాన్నగారికి మోకాళ్ళు సహకరించకపోతే గట్టు మీద బెంచీ చూసి కూర్చోబెట్టండి, గంటసేపు కదలరు.

పక్కనే సాల్మన్ చేపలు ఎక్కే 21 మెట్ల దారి, దాన్ని నీళ్ళ అడుగు నుంచి చూసే అద్దాలు ఉన్నాయి. వేసవి నుంచి అక్టోబరు దాకా అయితే వాటి కోసమే రమ్మనేవాణ్ణి. నవంబరు చివరికి ఆ అద్దాల్లో ఎక్కువగా నీళ్ళే కనిపిస్తాయి, పాపకి ముందే ఆశ పెట్టకండి.

పయనీర్ స్క్వేర్ అనే పాతపేటలోని అండర్‌గ్రౌండ్ టూర్ మామూలుగా నేను అందరికీ చెప్పేదే. 1889 జూన్ 6న డౌన్‌టౌన్ తగలబడిపోయాక, వీధుల్ని ఒక అంతస్తు ఎత్తు పెంచి కట్టారు. పాత దుకాణాల ముఖాలు నేలకింద ఉండిపోయాయి, అక్కడికి తీసుకెళ్ళి కథలు చెబుతారు. కానీ మెట్లు ఎక్కువ, నేల ఎగుడుదిగుడు, గంటా పావు నిలబడాలి. నాన్నగారికి వద్దు. పైన నడుస్తూనే ఒకటి చూడొచ్చు: ఆ పేటలో కాలిబాట మీద అక్కడక్కడా చిన్న చదరపు గాజు బిళ్ళలు ఊదారంగులో మెరుస్తుంటాయి. కింది చీకటి దారులకి వెలుతురు కోసం వేసినవి. మొదట్లో అవి తెల్లటి గాజే, అందులోని మాంగనీస్ ఏళ్ళ తరబడి ఎండకి ఊదాగా మారింది. తడిసినప్పుడు రంగు ఇంకా బాగా కనిపిస్తుంది, జారతాయి కూడా, చూసుకుని అడుగేయండి.

మరీ జోరువాన పడితే సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళండి. 2004లో కట్టిన ఉక్కు, గాజు భవనం, ప్రవేశం ఉచితం, ఎస్కలేటర్లు నిమ్మపండు రంగులో ఉంటాయి. పదో అంతస్తు నుంచి లోపలికి తొంగి చూడొచ్చు, కింద పిల్లల విభాగం ఉంది.

ఊరి బయటికి ఒక్కసారే వెళ్ళండి, అదీ స్నోక్వాల్మీ జలపాతానికి. 268 అడుగులు, నయాగరా కంటే ఎత్తు. డౌన్‌టౌన్ నుంచి ముప్పావుగంట లోపే. వానలు ఎక్కువైన కొద్దీ బాగుండే చోటు ఇదొక్కటే. వేసవిలో సన్నగా జారే నీళ్ళు నవంబరులో కొండ వెడల్పునా గర్జిస్తూ పడతాయి, తుంపర పైగట్టు దాకా కొడుతుంది. పార్కింగ్ నుంచి ఆ గట్టు దగ్గరే. కింది కాలిబాట ఏటవాలు, అటు వెళ్ళకండి. రెయినియర్ పార్కు మాత్రం ఈసారికి వద్దు. నవంబరు 1 నుంచి కారులో, మంచు మీద జారకుండా టైర్లకి చుట్టే గొలుసులు ఉండాలన్న రూలు ఉంది, అంత దూరం వెళ్ళాక పర్వతం మబ్బుల్లోనే ఉండే అవకాశం ఎక్కువ.

అమ్మగారు గుడి అడుగుతారు, తెలుసు. బోతెల్‌లో హిందూ దేవాలయం ఉంది, డౌన్‌టౌన్ నుంచి కారులో అరగంట, ముప్పావుగంట. జలపాతం రోజునే కలుపుకోండి.

చివరగా రెండు జాగ్రత్తలు. థాంక్స్‌గివింగ్ గురువారం పైక్ ప్లేస్ మార్కెట్‌తో పాటు చాలా చోట్లు మూసేస్తారు. ఫెర్రీలు తిరుగుతాయి, కెర్రీ పార్కుకి తలుపుల్లేవు, ఆ రోజుకి అవి ఉంచుకోండి. రెండోది, అద్దె కారులో ఏ సంచీ కంటికి కనపడేలా వదలకండి. మా స్నేహితుడి కారు అద్దం పగలగొట్టి పాప డైపర్ల బ్యాగు పట్టుకుపోయారు, అందులో పాస్‌పోర్టులు లేకపోవడం అదృష్టం.

హోటల్ ఎక్కడ తీసుకున్నారో రాయలేదు మీరు. డౌన్‌టౌన్‌లో అయితే మొదటి రెండు రోజులు కారే అక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ నుంచి లైట్ రైల్ 3 డాలర్లు, 40 నిమిషాల్లో డౌన్‌టౌన్‌లోని వెస్ట్‌లేక్ స్టేషన్ చేరుస్తుంది, అక్కడి నుంచి నీడిల్‌కి మోనోరైలు రెండు నిమిషాలు. సరస్సు అవతలి బెల్వ్యూలోనో రెడ్మండ్‌లోనో తీసుకుని ఉంటే చెప్పండి, కారు మొదటి రోజు నుంచే కావాలి, ఏ రోజు ఏ వైపు అన్నది కూడా మారుతుంది.